కొరమీను కాపురం ఎక్కడ?

ఆదివారం పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని చేపల మార్కెట్‌కు వెళితే, వాళ్లు ముందు ఆగేది ఒకచోటే. బొచ్చె, శీలావతి ఐసు మీద వరసగా పడుకుని ఉంటాయి. పక్కన టబ్బులో, జానెడు లోతు కూడా లేని నీళ్లలో, పాముతల లాంటి తలతో నల్లటి చేపలు మెసులుతుంటాయి. అవి కొరమీనులు. "మిగతావన్నీ చచ్చిపోయాయి కదా, ఇవి ఇంకా ఎలా బతికున్నాయి?" అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు తెలిస్తే కొరమీను ఎక్కడ ఉంటుందో, ఎందుకు అక్కడే ఉంటుందో, మన గుడివాడ, బందరు, దివిసీమ పల్లెల్లో ఇప్పుడు ఎందుకు తక్కువగా కనిపిస్తోందో అన్నీ తెలిసినట్టే.

చేపను చూసి సముద్రాన్నో, పెద్ద నదినో తలుచుకోవడం మనకు అలవాటు. బందరు అసలు పేరు మచిలీపట్నంలోనే 'మచిలీ' ఉంది. కానీ కొరమీను సముద్రపు చేప కాదు. కృష్ణానది నడిమధ్య ప్రవాహం కూడా దానికి ఇష్టమైన చోటు కాదు. మన ఇళ్ల వెనక గుంటలు, పంట బోదెలు, మురుగు కాలువలు, తూటికాడ అల్లుకున్న చెరువు అంచులు దాని ఇల్లు. 'ఇక్కడేముంది, ఉత్త బురద' అని మనం దాటిపోయే చోట్లే అవి.

నీళ్లలో ఉండి గాలి పీల్చే చేప

చేపలు మొప్పలతో ఊపిరి పీలుస్తాయని పిల్లలు సైన్సు పాఠంలో చదువుకుంటారు. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను మొప్పలు తీసుకుంటాయి. అయితే నీటిలో కరిగే ఆక్సిజన్ చాలా కొంచెం. మన వేడికి లీటరు మంచి నీటిలో 8 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నాచు పట్టి, ఆకులు కుళ్లిన గుంటలో తెల్లవారేసరికి అందులో పావు వంతు కూడా మిగలకపోవచ్చు. చేపల చెరువులున్న కుటుంబాలకు ఇది బాగా తెలుసు. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలాయంటే ఏరియేటర్ల దగ్గరకు పరుగెత్తాల్సిందే.

కొరమీనుకు ఆ భయం లేదు. దాని తలలో, మొప్పలకు పైన, రెండు చిన్న గదులుంటాయి. వాటి లోపలి గోడలు ముడతలు పడి, సన్నని రక్తనాళాలతో నిండి ఉంటాయి. కొరమీను పైకి వచ్చి, నోటితో గాలి మింగి ఆ గదుల్లో నింపుకుంటుంది. రక్తం ఆ గాలిలోంచి నేరుగా ఆక్సిజన్ తీసుకుంటుంది. మన ఊపిరితిత్తుల లాంటివి కావు గానీ, చేసే పని అలాంటిదే.

ఇందులో పిల్లలను ఆశ్చర్యపరిచే మరో సంగతి ఉంది. ఎదిగిన కొరమీనుకు మొప్పలు మాత్రమే సరిపోవు. పైకి రానివ్వకుండా వల కప్పి నీటి అడుగునే ఉంచితే అది ఊపిరాడక చనిపోతుంది. అంటే చేప అయి ఉండి కూడా నీళ్లలో మునిగి చావగలదు. మార్కెట్లో టబ్బులో నీళ్లు తక్కువ పోసేది అందుకే. తడి ఆరకుండా ఉంటే చాలు, పైన గాలి ఎలాగూ ఉంటుంది.

శాస్త్రవేత్తలు దీన్ని ఛన్నా స్ట్రయేటా అంటారు. 1793లో జర్మన్ వైద్యుడు, చేపల పరిశోధకుడు మార్కస్ బ్లాక్ దీన్ని మొదట వర్ణించాడు. స్ట్రయేటా అంటే చారలు గలది అని అర్థం. పక్కల మీద ఏటవాలుగా కనిపించే చారలను బట్టి ఆ పేరు వచ్చింది. మన కాలువల్లో దొరికే మట్టగిడస కూడా దీని కుటుంబంలోదే. అది చిన్నది, ఒంటిమీద చుక్కలుంటాయి. చిన్న కొరమీనును, మట్టగిడసను చూసి తేడా చెప్పగలిగిన పిల్లవాడికి మార్కులు వేయాల్సిందే.

మూడు చోట్లు, మూడు రకాల నీళ్లు

మన డెల్టాలో నీళ్లన్నీ ఒకలాంటివి కావు. విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని తరువాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ కృష్ణ నీటిని కాలువల్లోకి మళ్లించాయి. ఆ నీరు పొలాల మీదుగా, మురుగు కాలువల మీదుగా సముద్రం వైపు నడుస్తుంది. దారిలో దాని గుణం మారుతూ ఉంటుంది. కొరమీను ఉండే చోటును కూడా ఆ మార్పే నిర్ణయిస్తుంది.

గుడివాడ వైపు నేల పల్లం. బుడమేరు నీళ్లు నందివాడ ప్రాంతం మీదుగా కొల్లేరుకు చేరతాయి. ఇది మాగాణి, గుంటలు, చెరువులు కలగలిసిన చోటు. సార్వా నాట్ల సమయంలో చేలల్లో నిలిచే జానెడు నీళ్లు, గట్ల పక్క బోదెలు, రోడ్డు పక్క గోతులు కొరమీనుకు ఎంతో అనుకూలం. కప్పలు, పరిగెలు, చిన్న రొయ్యలు, పురుగులు అక్కడ కావలసినన్ని దొరుకుతాయి. గడ్డి చాటున కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చినదాన్ని ఒక్క ఉదుటున పట్టడం దాని వేట. గాలానికి కప్పపిల్లను గుచ్చి కొరమీను కోసం కూర్చునేవాళ్లు నమ్ముకునేది ఈ అలవాటునే.

బందరు వైపు వచ్చేసరికి మనం కాలువల చివరికి చేరతాం. ఇక్కడ మంచినీళ్ల చెరువులు, మురుగు కాలువలు పక్కపక్కనే ఉంటాయి. సముద్రపు పోటు ఎక్కినప్పుడు ఉప్పునీరు మురుగు కాలువల్లోకి వెనక్కి తన్నుకొస్తుంది. కాస్త ఉప్పదనాన్ని కొరమీను ఓర్చుకుంటుంది. అది పెరిగితే పైకి, తీపినీళ్ల వైపుకు జరిగిపోతుంది. అదే మురుగు కాలువలో పైన కొరమీను దొరికితే, సముద్రం దగ్గర పడ్డాక పండుగప్ప లాంటి ఉప్పునీటి చేపలు దొరుకుతాయి. నీరు ఎక్కడ ఉప్పెక్కిందో వలలో పడిన చేపను బట్టి చెప్పవచ్చు.

కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న దివిసీమలో ఈ గీత ఇంకా దగ్గరగా ఉంటుంది. అవనిగడ్డ, చల్లపల్లి వైపు కాలువ నీళ్లు అందే చెరువులున్నాయి. నాగాయలంక, కోడూరు దాటితే మడ అడవులు, ఉప్పు కయ్యలు మొదలవుతాయి. తీపినీరు ఉప్పునీరుగా మారితే ఏమవుతుందో దివిసీమవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్ల మీద పడినప్పుడు మనుషులతోపాటు తాగునీటి చెరువులూ సముద్రం పాలయ్యాయి. ఇక్కడ ఒక గుంటలో కొరమీను ఉందంటే ఆ నీరు ఇంకా తీపిగానే ఉందని అర్థం. పల్లెలో మనుషులకూ పశువులకూ కూడా అది మంచి కబురు.

కాలువలు కట్టేశాక ఏం చేస్తుంది?

దాళ్వానో, మినుము పెసరలో అయిపోయాక, మంచినీళ్ల చెరువులు నింపుకుని కాలువలు కట్టేస్తారు. మే నెలకు బోదెలు ఎండి బీటలు వారతాయి. గుంటల్లో చీలమండ లోతు బురద మిగులుతుంది. చాలా చేపలకు అదే చివరి రోజు. కొరమీను మాత్రం బురదలోకి దిగుతుంది. ఒళ్లు, గాలి గదులు తడిగా ఉంటే చాలు, కదలికలు తగ్గించుకుని, ఒంట్లో నిలవ ఉన్న కొవ్వుతో రోజులు గడుపుతుంది. బురదలో తడి ఉన్నంతకాలం దానికి ఆశ ఉన్నట్టే.

మన పిల్లలందరికీ తెలిసిన ఏడు చేపల కథలో ఒక చేప ఎండకుండా మిగిలిపోతుంది. అది ఏ చేపో కథలో ఉండదు. పిల్లలు అడిగితే 'బహుశా కొరమీనేమో' అని మీరు నవ్వుతూ చెప్పవచ్చు. ఆ పైన, అది అంత తేలిగ్గా ఎండిపోకపోవడానికి కారణం కూడా చెప్పవచ్చు.

తొలకరి పడి నేల తడిసిన రాత్రి కొరమీను ఒక గుంట నుంచి ఇంకో గుంటకు గడ్డిలో పాకుతూ కూడా పోగలదు. వానపడిన పొద్దున రోడ్డు మీద చేప కనిపించిందని పెద్దవాళ్లు చెప్పేది కట్టుకథ కాదు.

ఎర్రపిల్లల గుంపు

"చేపపిల్లకు ఈత నేర్పాలా" అంటాం. నేర్పక్కర్లేదు గానీ కాపలా కావాలి. చాలా చేపలు లక్షల గుడ్లు పెట్టి వాటి దారిన అవి పోతాయి. కొరమీను అలా చేయదు. వానాకాలంలో ఆడ, మగ చేపలు కలిసి అంచున లోతు తక్కువ ఉన్నచోట గడ్డిని, ఆకులను పక్కకు నెట్టి గుండ్రటి ఖాళీ చేసుకుంటాయి. అక్కడ వదిలిన గుడ్లు పసుపుపచ్చ పూసల్లా నీటి మీద తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి.

పుట్టిన పిల్లలు కొన్నాళ్లకు నారింజ ఎరుపు రంగుకు తిరిగి, ఒక ముద్దలా గుంపుగా తిరుగుతాయి. వాటికీ గాలి కావాలి గనక గుంపంతా మాటిమాటికీ పైకి వస్తుంది. వాన లేకపోయినా ఆ ఒక్కచోటే చినుకులు పడుతున్నట్టు నీరు చిటపటలాడుతుంది. గట్టు మీద నిలబడి చూస్తే ఎర్రటి మచ్చ ఒకటి నీటిలో మెల్లగా నడిచిపోతున్నట్టుంటుంది. దాని కిందనే పెద్ద చేప కాపలా ఉంటుంది. కప్ప దగ్గరకు వచ్చినా, వేరే చేప వచ్చినా తరిమికొడుతుంది. ఈ కాపలా కొన్ని వారాలు సాగుతుంది. పిల్లలు ఎదిగి, రంగు మారి, ఎవరి వేట వారు చూసుకునే దాకా ఉంటుంది.

గాలాలు, వలలు వేసేవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఎర్రగుంపు కనబడితే కింద పెద్ద కొరమీను ఉన్నట్టే. అది పిల్లలను వదిలి పోదు గనక పట్టడం సులువు. పట్టిన వాళ్లకు దొరికేది ఒకటి రెండు చేపలు. ఆ తరువాత కాపలా లేని గుంపును మిగతా చేపలు, కొంగలు తినేస్తాయి. ఒక్క పూట కూర కోసం వచ్చే ఏటి చేపలన్నీ పోతాయి. ఎర్రపిల్లలు తిరిగే వానాకాలంలో కాపలా చేపను వదిలిపెట్టడం చాలా ఊళ్లలో పెద్దలు ఎరిగిన నీతే. దాన్ని పిల్లలకు అందించాల్సింది మనమే.

ఎందుకు తగ్గుతోంది?

ప్రపంచం మొత్తం మీద చూస్తే కొరమీను అంతరించిపోయే జాతి కాదు. పాకిస్తాన్ నుంచి దక్షిణ చైనా, ఇండోనేసియా దాకా ఇది ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దీన్ని ఆందోళన అవసరం లేని జాతుల్లోనే ఉంచింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. ప్రమాదం జాతికి లేదు. మన ఊరి గుంటకు ఉంది.

మొదటి కారణం, గుంటలు పూడ్చేయడం. పల్లపు చేలు, గోతులు మెరక చేసి ప్లాట్లు వేస్తే ముందుగా పోయేది కొరమీను ఇల్లే. దానితోపాటు వాననీరు నిలిచే చోటు కూడా పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, నీటికి చోటు లేకపోతే అది మన ఇళ్లలోకే వస్తుందని విజయవాడ నుంచి నందివాడ దాకా అందరం చూశాం. చేపకు పనికొచ్చే పల్లం మనకూ పనికొస్తుంది.

రెండోది, చేపల చెరువులు. లోతట్టు చెరువుల్లో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. ఆ పేరు తెచ్చిన చెరువుల్లో మన కృష్ణా, కొల్లేరు ప్రాంతాలవి ఎన్నో ఉన్నాయి. మన పాఠకుల్లోనే ఎన్నో కుటుంబాలకు అది జీవనాధారం. కానీ బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు చెరువులో వేటాడే చేపలు లేకుండా చేయాలి. అందుకే నీరు తోడి ఎండగడతారు, లేదా ఇప్పచెక్క వంటివి వేస్తారు. అక్కడ కొరమీను ఏరిపారేయాల్సిన చేప. చెరువు యజమానిని తప్పుపట్టలేం. పిల్లచేపల మధ్య కొరమీనును వదిలితే కోళ్లగూట్లో పిల్లిని పెట్టినట్టే. కాకపోతే ప్రతి పల్లమూ ఒకే రకం చెరువుగా మారితే, కొరమీనుకు చెరువు గట్టు పక్క మురుగు కాలువ ఒక్కటే దిక్కవుతుంది.

మూడోది, ఆ మురుగు కాలువలోని నీరే. చేలల్లోని పురుగుమందులు, కలుపుమందులు, ఊళ్లలోని మురుగు చేరేది అక్కడికే. గాలి పీల్చగలదు కాబట్టి ఆక్సిజన్ లేకపోయినా కొరమీను తట్టుకుంటుంది. విషాన్ని తట్టుకోలేదు. పైగా అది తినే కప్పలు, పరిగెలు ముందే పోతాయి.

నాలుగోది, రోగం. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనిపించి దేశమంతా పాకిన పుండ్ల వ్యాధి కొరమీను కుటుంబాన్ని గట్టిగా దెబ్బతీసింది. నీటిలో పెరిగే బూజు లాంటి జీవి ఒంట్లోకి చొరబడి పుండ్లు చేస్తుంది. నలభై ఏళ్లు దాటినవాళ్లలో కొందరికి కాలువల్లో పుండ్ల చేపలు తేలడం గుర్తుండే ఉంటుంది.

వీటికి తోడు, దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్, అక్వేరియంల నుంచి బయటపడిన డెవిల్ ఫిష్ కూడా మన నీళ్లలోకి చేరాయి. ఉన్న కాస్త చోటులో అవీ వాటా అడుగుతున్నాయి. చేప తన చోటు దాటితే ఏమవుతుందో అమెరికాకు కూడా అనుభవమే. మేరీలాండ్‌లోని ఒక కుంటలో చైనా వైపు నుంచి వచ్చిన కొరమీను జాతి చేపలు కనిపించాక, 2002లో ఆ కుటుంబం మొత్తాన్ని బతికున్నవి దేశంలోకి తేకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ మనం కాపాడుకోవాలనుకునే కుటుంబం అక్కడ దొంగగా చేరిన చుట్టం. చేప మంచిదా చెడ్డదా అన్నది అది ఉన్న చోటును బట్టి ఉంటుంది.

పళ్లెంలోకి వచ్చేసరికి

కొరమీనుకు ముల్లు తక్కువ, కండ గట్టి. అందుకే పిల్లలకు పెట్టడం తేలిక. ధర శీలావతికి రెండు మూడు రెట్లు ఉంటుంది. హేచరీ పిల్లలతో, తేలే మేతతో చెరువుల్లో పెంచిన కొరమీను కూడా ఇప్పుడు మార్కెట్లోకి వస్తోంది. పెంచినదాన్ని కొంటే కాలువల్లోని చేప మీద ఒత్తిడి కొంత తగ్గుతుంది. 'కాలువ చేప' అని ఎక్కువ ధర చెబితే, వానాకాలంలో అయితే ఒకసారి ఆలోచించండి.

మలేసియాలో బాలింతలకు, ఆపరేషన్ అయినవారికి ఈ చేపను పెట్టే ఆచారం ఉంది. మంచి మాంసకృత్తులున్న ఆహారంగా అది సబబే. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో కూడా చిన్న కొరమీను పిల్లనే మింగిస్తారు. అది నమ్మకానికి సంబంధించిన విషయం. మీ పిల్లలకు ఉబ్బసం ఉంటే డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఏ కారణంతోనూ ఆపకండి.

ఈ నెల పిల్లలతో కలిసి

1. మార్కెట్లో టబ్బు దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ఒక కొరమీను ఎన్ని సెకన్లకు ఒకసారి పైకి వచ్చి గాలి మింగుతుందో మీ అబ్బాయిని, అమ్మాయిని లెక్కపెట్టమనండి. నాలుగైదు సార్లు లెక్కించి సగటు తీయిస్తే లెక్కల పాఠం కూడా అవుతుంది.

2. తాతయ్యనో, అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి, వాళ్ల చిన్నప్పుడు ఊరి కాలువలో దొరికిన చేపల పేర్లు రాయించండి. కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, వాలుగ, పరిగె. ఒక్కో పేరు పక్కన 'నేను చూశాను', 'చూడలేదు' అని పిల్లలు గుర్తు పెట్టాలి.

3. మీ ఇంటికి కిలోమీటరు లోపల ఉన్న చెరువులు, గుంటలు, కాలువలతో ఒక పటం గీయించండి. ఇరవై ఏళ్ల కిందట ఉండి ఇప్పుడు లేనివాటిని వేరే రంగుతో గుర్తించమనండి. పటం తరగతికి తెస్తే సోషల్, సైన్సు టీచర్లు దాని మీద మాట్లాడతారు.

4. వానలు మొదలయ్యాక వంతెన మీద నుంచో, గట్టు మీద నుంచో ఎర్రపిల్లల గుంపు కోసం చూడండి. కనిపిస్తే రాళ్లు వేయకుండా, వల వేయకుండా చూసి రండి.

5. ఇంట్లో అక్వేరియం ఉంటే, పెద్దవైపోయిన చేపలను కాలువలో వదలవద్దు. అమ్మిన దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.

నీళ్ల దగ్గరకు పిల్లలను ఒంటరిగా పంపకండి. కాలువలు వదిలినప్పుడు ప్రవాహం వేగంగా ఉంటుంది. చేపల చెరువుల గట్లు నిట్టనిలువుగా, జారుడుగా ఉంటాయి. ఈత వచ్చిన పిల్లలైనా సరే, పెద్దవాళ్లు పక్కనుండాలి. కొరమీను తన పిల్లలను కొన్ని వారాలు కాపలా కాస్తే సరిపోతుంది. మనకు ఇంకొంచెం ఎక్కువ కాలమే పడుతుంది.